పగ్గము సడలిన రథము

శరీరము రథము, బుద్ధి సారథి, మనస్సు పగ్గము, ఇంద్రియములు గుఱ్ఱములని కఠోపనిషత్తు చెప్పుచున్నది. సారథి ఎంత నేర్పరియైనను పగ్గము సడలినచో గుఱ్ఱములు మాట వినవు. పెద్దమండ్యం పల్లెలనుండి భాకరాపేట ఘాటు మీదుగా పాత అంబాసిడరులో తిరుమలకు బయలుదేరు గృహస్థునకు ఇది వట్టి ఉపమానము కాదు.

2014లో తయారీ నిలిచిపోయిన ఆ కారున చేతి ఆజ్ఞను ముందు చక్రములకు చేర్చునవి స్టీరింగు ర్యాక్, టై రాడ్లు, వాని కొనలయందలి బాల్ జాయింట్లు. అవి అరిగినచో స్టీరింగు కొంత తిరిగిన పిదపగాని చక్రము కదలదు. మెకానిక్కులు దీనిని 'ప్లే' అందురు. తెలిసియు నడతకు రాని ధర్మము వంటిదే ఈ ఎడము!

ఇంటివద్ద వీనిని మార్చువారు జాకీనొక్కదానినే నమ్మి బండి క్రిందికి పోరాదు, స్టాండ్లపై నిలుపవలెను. పాత కొన ఎన్ని చుట్లకు ఊడినదో లెక్కించి క్రొత్తదానిని అన్ని చుట్లే ఎక్కింపవలెను. పాత స్ప్లిట్ పిన్ను మరల వాడుట పొదుపు కాదు, పిసినారితనము. పిమ్మట అలైన్‌మెంటు చూపింపక కొండ ఎక్కరాదు. చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టుట ఆచారమే, పెట్టవచ్చును. కాని వెనుక సీటులో గోవిందనామము చేయు వృద్ధమాతకు ఆ జాయింటు కనబడదు, చూడవలసినవాడు కుమారుడే.

సైంధవుని వధింపవలసిన దినమున, అస్తమయమునకు గడువు తరుగుచుండగా, పార్థసారథి రణమధ్యమున గుఱ్ఱములను విప్పి, నాటిన బాణములు తీసి, నీరు త్రాగించి, మరల రథమునకు పూన్చెనని ద్రోణపర్వమున కలదు.