ప్రేమయు స్వామ్యమును

సముద్రమునకు దాదాపు 300 కిలోమీటర్ల దూరముననున్న అమీరుపేటలోనో పంజగుట్టలోనో యొక గృహస్థుడు గాజుతొట్టిలో సముద్రపు గుఱ్ఱములను పెంచగోరెననుకొందము. అతడు లీటరు నీటికి 35 గ్రాముల వంతున సముద్రపుటుప్పు కలుపవలెను. మలినమునుండి పుట్టు అమ్మోనియాను హరించు సూక్ష్మజీవులు కుదురుకొనువఱకు కొన్ని వారములు వేచియుండవలెను. ఆ ప్రాణికి ఆమాశయము లేదు. కావున దినమునకు పలుమార్లు చిఱురొయ్యల నందింపవలెను. ఈదుటలో దుర్బలము గాన, తోక చుట్టి పట్టుకొనుట కాధారము నమర్పవలెను. ఇంత శ్రద్ధ వహించువానిని క్రూరుడని యెవరనగలరు?

ఎవరు ననలేరు. కాని వన్యప్రాణి సంరక్షణ చట్టము 2001 నుండి మన దేశమున నీ ప్రాణులను పట్టుటను, అమ్ముటను నిషేధించినది. “నా శ్రద్ధకు చట్ట మడ్డమేల?” యని యతడడుగవచ్చును. తొట్టి యెట్లుండవలెనని యతడు విచారించెను గాని, తొట్టిలోనికి వచ్చు ప్రాణి యెచ్చటినుండి వచ్చునని విచారింపడయ్యెను. ఈ జాతిలో పిల్లలను సంచిలో మోయునది మగది. అట్టి యొక్కదానిని పట్టినచో, కొన్ని తెగలలో వందలకొలది పిల్లలు కడలికి దక్కకపోవును.

చదువరులారా! ప్రేమించుటకు స్వాధీనపఱచుకొనుట యావశ్యకమా? ఒక ప్రాణికి వలసినవన్నియు నెఱిగినవాడు, అవి ముందే యమరియున్న తావు సముద్రమేయని యెఱుగకుండునా? తొట్టి నింపక మానుటయే యా యెఱుకకు ఫలము. ఉత్త తొట్టిని జూచి పిల్లలు కారణమడిగిన, ఆ యుత్తరమే వారికి మంచి పాఠమగును.