మచ్చయు సిగ్గును

రోగము పోవలెను, రోగము వచ్చిన గుర్తు మాత్రము కనబడరాదు. ఈ కోరిక సహజమా, వృథాభిమానమా యని విచారింపవలసియున్నది.

మనవారు 24 గంటల నొప్పి యని చెప్పుకొను వ్యాధికి శస్త్రచికిత్స క్రొత్తది కాదు. 1894లో మెక్‌బర్నీ యను అమెరికా వైద్యుడు కండరములను తెగగోయక, వాని పోగుల వెంబడి విడదీసి, అపెండిక్సును తీయు పద్ధతిని ప్రకటించెను. కుడి పొత్తికడుపుపై ఏటవాలు మచ్చ మిగులుచుండెను. 1980లో జర్మనీలోని కీల్ నగరమున కుర్ట్ జెమ్ అను స్త్రీరోగవైద్యుడు లాపరోస్కోపుతో దానిని తొలగించెను. కడుపును బొగ్గుపులుసు వాయువుతో ఉబ్బించి, 5 మొదలు 12 మిల్లీమీటర్ల రంధ్రములు సాధారణముగా మూడు చేసి, ఒకదానిలో కెమెరాను, తక్కినవానిలో పనిముట్లను చొప్పింతురు. ఒకటి బొడ్డుమడతలో దాగును. తక్కినవానిని వస్త్రము కప్పు చోటికి దింపవచ్చును. కొందరు బొడ్డునందలి యొక్క గాటుతోనే పని ముగింతురు. బొడ్డు మాత్రమేమి? తల్లినుండి వేరుపడిన నాటి మచ్చయే గదా! దానినిచూచి సిగ్గుపడువాడు లేడు.

ఇట్టి శ్రద్ధ దేహవ్యామోహమని కొందరు గర్హింతురు. నేనంగీకరింపను. సుశ్రుతసంహితలో వ్రణమునకు చెప్పిన 7 ఉపక్రమములలో కడపటిది వైకృతాపహము, అనగా గాయము మానిన పిమ్మట మిగిలిన వికారమును పోగొట్టుట. 60 ఉపక్రమములు చెప్పినచోట, మచ్చ రంగును చర్మపు రంగునకు తెచ్చుటయు, రోమములు మొలిపించుటయు చేరియున్నవి. ప్రాణము నిలుపుటతో వైద్యధర్మము ముగియదని దీనివలన దెలియుచున్నది.

అయితే దీనికొక హద్దు గలదు. అపెండిక్సు పగిలి చీము వ్యాపించినప్పుడు, లోపల చూపు ఆననప్పుడు, కడుపు తెరువవలసిరావచ్చును. అప్పుడు మచ్చకు వెఱచుట ప్రాణముతో బేరమాడుటయే. ఒక్కగాటు పద్ధతికి సాధారణముగా కాలమెక్కువ పట్టును. ఇవన్నియు రోగికి ముందే తెలిపి, నిర్ణయమును రోగికి విడువవలెను.

ఇక ముఖ్యప్రశ్న. ఆడుపిల్లకు శస్త్రచికిత్స యనగానే "మచ్చ కనబడునా?" అని ముందుగా నడుగునది తరచుగా ఆ పిల్ల కాదు, తల్లిదండ్రులు. పెండ్లివారు వంక పెట్టుదురేమోయని వారి భయము. కొడుకు విషయమున ఈ ప్రశ్న యేల పుట్టదు? తన మేనిని తన యిష్టమువచ్చినట్లుంచుకొనగోరుట ఆమె స్వాతంత్ర్యము. ఇతరులకు జడిసి దాచుకొనవలసివచ్చుట మనము విధించిన శిక్ష. పైకి రెండును ఒక్కతీరుగనే యుండును. మచ్చకు జంకి వైద్యుని యొద్దకు పోవుట ఆలసించినచో, ఆ శిక్ష మరణశిక్షయు కావచ్చును.

గాటును చిన్నది చేయుట వైద్యుడు నేర్చెను. ఈ భయమును చిన్నది చేయుట మన పని. కొడుకులు గల తల్లిదండ్రులారా! పెండ్లిచూపులకు పోయినప్పుడు పిల్ల మేనిపై మచ్చలనుగూర్చి అడుగకుడు. ఇంటిలో నెవరైన నడుగబోయినచో వారింపుడు. దీనికి శస్త్రము నక్కరలేదు, ధనము నక్కరలేదు.