పగిలిన శిఖరము

ధ్యాన భాగములు: కీర్తన 51, 2 కొరింథీ 1:3–7



అమెరికా దేశములో ఆరిజోనా యను రాష్ట్రము కలదు. అందులో చాల భాగము ఎడారియే. దాని ఉత్తర భాగమున శాన్ ఫ్రాన్సిస్కో శిఖరములను కొండల గుంపు నిలిచియున్నది. వాటిలో మిక్కిలి ఎత్తైనది హంఫ్రీస్ శిఖరము. దాని ఎత్తు 12,633 అడుగులు. ఆ రాష్ట్రమంతటిలో దానిని మించిన కొండ లేదు.

అది అగ్నిపర్వతము. లక్షల సంవత్సరముల క్రిందట భూగర్భమునుండి ఉబికిన కరగిన రాయి పొరలు పొరలుగా పేరుకొనుటవలన అది పెరిగినది. అప్పుడు 15,000 అడుగులకు మించి యుండెనని శాస్త్రజ్ఞుల అంచనా. పిమ్మట దాని ప్రక్క కూలిపోయెను. కదలెడు మంచుగడ్డలు దానిని మరింత తొలిచినవి. నేడు శిఖరమని పిలువబడునది పూర్వపు కొండకు మిగిలిన అంచు మాత్రమే. నడుమ గొప్ప పల్లము ఏర్పడినది.

పాడైపోయిన కొండ అని మనము జాలిపడవచ్చును. అయితే ఆలోచింపుడి. చలికాలమున కురిసిన మంచు ఆ పల్లములో నిలుచును. ఎండలు వచ్చినప్పుడు కరగి రాళ్ల సందులలోనికి ఇంకి ఊటలగును. క్రిందనున్న ఫ్లాగ్‌స్టాఫ్ పట్టణమువారు ఆ నీటిని నూరేండ్లకు పైగా గొట్టముల ద్వారా తెచ్చుకొనిరి. కొండ ఎక్కడ విరిగెనో అక్కడనే దాహము తీర్చు నీరు దొరికెను.

మన సంఘములలోను విరిగినవారున్నారు. పంట పోయి అప్పులపాలైనవారు, కన్నబిడ్డను మట్టికి అప్పగించినవారు ఉన్నారు. దేవుడు మమ్మును విడిచెనా అని వారు రాత్రులు అడుగుచుందురు. విరిగిన హృదయమును దేవుడు త్రోసివేయడని దావీదు తన పాపదుఃఖములో నేర్చుకొనెను. శ్రమలలో మనము పొందిన ఆదరణ ఇతరులను ఆదరించుటకే యని పౌలు కొరింథీయులకు వ్రాసెను. చావు ఇంటిలో వెయ్యి మాటలకంటె, అదే దుఃఖము అనుభవించిన విధవరాలు వచ్చి మౌనముగా ప్రక్కన కూర్చుండుట మేలు కాదా?

అయితే ఇంకొక సంగతి కూడ ఉన్నది. 2022లో ఆ కొండ వాలులలో అడవి తగులబడెను. తరువాత వానలకు వరదలు వచ్చి నీటి గొట్టపు మార్గమును అనేక చోట్ల పాడుచేసినవి. కొండమీద నీరున్నను ఊరికి రాక నిలిచిపోయెను. మన సంగతియు అట్లే కావచ్చును. దేవుని ఆదరణ పొందియు, పాత పగ వలన పొరుగువానితో మాట మానినయెడల, ఆ నీరు మనయొద్దనే ఆగిపోవును.

కాబట్టి ఈ నెలలో మనలో ప్రతివాడును దుఃఖములోనున్న ఒక ఇంటికి వెళ్లుదము. మాట మానిన ఇల్లయినచో మొదట అక్కడికే వెళ్లుదము.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మాలో విరిగినచోటును నీ ఆదరణతో నింపుము. అది మాలోనే నిలిచిపోక పొరుగువారికి చేరునట్లు మమ్మును సరిచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.