నైపుణ్యము తొలగిన పిమ్మట

మానవుడనగా అతని నైపుణ్యమేనా? చిరకాల సాధనచే ఆర్జించినది ఏ తప్పిదమును లేకయే తొలగిపోయినచో అతనియందు మిగులునదేమి? ఈ ప్రశ్న శాస్త్రచర్చకే పరిమితము కాదు, క్రీడారంగమునను ఎదురగుచున్నది.

అమెరికా దేశీయుల బేస్‌బాల్ ఆటయందు బంతి విసరువాడు సుమారు 60 అడుగుల దూరమునుండి, నియతమైన హద్దులోనికి బంతిని పంపవలెను. నాలుగు బంతులు హద్దు తప్పినచో, బ్యాటు పట్టినవానికి ఊరకయే మొదటి స్థానము దక్కును. పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టులోని స్టీవ్ బ్లాస్ ఈ విద్యలో ప్రవీణుడు. 1971 ప్రపంచ పోటీలో, నిర్ణాయకమైన కడపటి ఆటతో సహా రెండు ఆటలను ఆద్యంతము తానే బంతి విసరి గెలిపించెను. 1972లో 19 విజయములు పొందెను.

1973లో ఆ విద్య అతనిని విడిచెను. చేతికి గాయము లేదు. ఒంటరిగా అభ్యసించునపుడు బంతి చక్కగనే పోవుచుండెను; ఆటలో ప్రత్యర్థి యెదుట నిలిచినంతనే దారి తప్పుచుండెను. ఆ యేడు 89 ఇన్నింగ్సులైనను నిండకయే 84 మారులు ప్రత్యర్థులకు ఊరకయే స్థానము దక్కెను. విజయములు 3, అపజయములు 9. అతడు సాధన మానలేదు. మనోవైద్యమును, ధ్యానమును సైతము ఆశ్రయించెను. పోయినది తిరిగి రాలేదు. 1975లో, 32 ఏండ్ల ప్రాయమున, ఆట విరమించెను.

"శ్రమించినవానికి ఫలము తప్పదు" అని మనము పిల్లలకు చెప్పుచుందుము. ఈ జీవితము ఆ మాటను సమర్థింపదు. మరి శ్రమ వ్యర్థమా? కాదు. శ్రమ మన చేతిలోనిది. ఫలము అట్టిది కాదు. ధ్యానమైనను పోయిన కీర్తికి వెల కాజాలదు. ఈ సత్యమును కప్పిపుచ్చి ఇచ్చు ధైర్యము కష్టకాలమున నిలువదు.

బ్లాస్ పిమ్మట జీవనమునకై విద్యార్థులు ధరించు ఉంగరములను విక్రయించెను. 1983 మొదలు 2019 వరకు, తాను భంగపడిన ఆ జట్టు ఆటలకే ప్రసారవ్యాఖ్యాతగా నుండెను. అకారణముగా గురి తప్పు ఆ రుగ్మతకు లోకము అతని పేరే పెట్టినది. అతడు దానిని దాచలేదు, నవ్వుచునే చెప్పుకొనెను. తనకు దక్కని ఆటను ద్వేషింపలేదు.

గాయకునికి కంఠము, శిల్పికి హస్తము, పండితునికి జ్ఞాపకము ఏనాటికైనను సడలును. అవి మనకు కొంతకాలము అప్పగింపబడినవి. అవియే మనము కాము. ఉన్నపుడు గర్వింపక, పోయినపుడు సిగ్గుపడక, మిగిలిన పనిని ప్రీతితో చేయువాడే నిజముగా ఓడనివాడు.