అడుగక గీసిన ముఖము

రైలులో ఎదుట కూర్చున్నవారి ముఖమును, వారిని అడుగకయే, చిన్న పుస్తకములో పెన్సిలుతో గీసికొను చిత్రకారులు ఎల్ల దేశములలోను ఉన్నారు. వారికిది అభ్యాసము. కూలి యిచ్చి కూర్చుండబెట్టిన మనిషి బిగుసుకొని కూర్చుండును. బండిలోని మనిషి తన ముఖమును తానే మరచి యుండును. ఆ మరపే చిత్రకారునికి కావలసిన సరుకు. అయితే ఆ సరుకు ఎవరిది? ఈయనిది తీసికొనరాదని చిన్ననాటినుండి విన్న కుటుంబములవారు ఈ ప్రశ్నను సులభముగ దాటిపోలేరు.

గీసినందువలన ఆ మనిషికి తరిగినదేమి అని వాదించువారు కలరు. ఈ వాదము సగమే నిజము. అంగడిలో సరుకును కంటితో చూచినందుకు ఎవరును వెల అడుగరు. కాని తలుపు చాటున నిలిచి ఒకరి ఖాతాపుస్తకము చదివినచో, కాగితము చిరుగకున్నను అది తప్పే కదా.

వాకర్ ఎవాన్స్ అను అమెరికా ఫొటోగ్రాఫరు 1938 మొదలు 1941 వరకు న్యూయార్కు భూగర్భ రైళ్ళలో కోటు లోపల కెమెరా దాచి, మీట నొక్కు తీగను కోటుచేతిలోనుండి నడిపి, ఎదుటివారి ఫొటోలు తీసెను. గొప్ప పనియే. కాని అవి పుస్తకముగా 1966లో గాని వెలువడలేదు.

పెన్సిలు అట్లు దాగదు. గీయువాని కన్ను పైకిని క్రిందికిని ఆడుచుండును. రెండు స్టేషన్లు దాటులోపల ఎదుటివారు కనిపెట్టుదురు. మన రైళ్ళలోనైతే అంతసేపు కూడ పట్టదు. ప్రక్కవాడు భుజముమీదుగా తొంగిచూచి ముక్కు సరిగా రాలేదని చెప్పును! కనిపెట్టినవారు నవ్వవచ్చును, ముఖము త్రిప్పుకొనవచ్చును. అట్లు త్రిప్పుకొను వీలున్నంతవరకు గీయువానిని నిందింపనక్కరలేదు. త్రిప్పుకొన్న పిమ్మటను చాటుగా గీయువాడు మాత్రము తీసికొనరానిదే తీసికొనుచున్నాడు.

నిద్రించువారి సంగతి వేరు. వారు త్రిప్పుకొనలేరు. 1940లో లండనుపై జర్మను విమానములు బాంబులు కురిపించుచుండగా, వేలకొలది జనము రాత్రులు భూగర్భ రైలుస్టేషన్లలో తలదాచుకొనిరి. ప్లాటుఫారములమీద వరుసలుగా పండుకొన్న వారిని హెన్రీ మూర్ అను శిల్పి చిత్రించెను. అయితే వారి యెదుట నిలిచి గీయలేదు. అది వారి మరుగునకు భంగమని ఆయనకు తోచినది. చూచి, ప్రక్కకు పోయి, కాగితముమీద నాలుగు మాటలు గుర్తు వ్రాసికొని, తరువాత ఇంట జ్ఞాపకమునుబట్టి గీసెను.

ఆయన మాత్రము అడిగెనా? అడుగలేదు. నిద్రించువారిని లేపి అడుగుట అంతకంటె కష్టము. కాని ఆయన ఇంటికి తీసికొనిపోయినది ఫలానావారి ముఖము కాదు. ముడుచుకొన్న మోకాళ్ళు, తెరచిన నోళ్ళు, కప్పుకొన్న దుప్పట్లు, అంతే. వానిలో కొన్నిటిని యుద్ధచిత్రముల కొరకై ఏర్పడిన ప్రభుత్వసంఘము కొన్నది. నేడవి మ్యూజియములలో ఉన్నవి. ఆ రాత్రులు అచ్చట పండుకొన్నవారెవరైనను తరువాత పోయి ఆ బొమ్మలలో తమ్ము తాము వెదకికొన్నను, పోల్చుకొనుట కష్టమే.