మిగులు ఎవరిది?

కామర్స్ క్లాసులో కొత్తగా చేరిన పిల్లలకు నేను ఏటా గట్టిగా చెప్పే పాఠం ఒకటుంది. కొట్లో సరుకు అమ్మితే అమ్మకాల ఖాతాలో రాయాలి. కొట్టునే అమ్మేస్తే మాత్రం అక్కడ రాయకూడదు, ఆస్తి తరిగిందని చూపాలి. దేశాలు ఈ రెండింటినీ ఎగుమతులన్న ఒకే పద్దులో రాసుకుంటాయి. నౌరూ, మారిషస్‌ల చరిత్ర చదివాక ఇది నాకు లెక్కల సమస్యగా కాక ధర్మసమస్యగా తోస్తోంది.

రెండు దీవులూ 1968లోనే స్వతంత్రమయ్యాయి. పసిఫిక్‌లోని నౌరూ విస్తీర్ణం 21 చదరపు కిలోమీటర్లు. నేలలో చాలా భాగం ఫాస్ఫేట్. బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ దశాబ్దాల పాటు దాన్ని తవ్వి తమ పొలాలకు ఎరువుగా చల్లుకున్నాయి. 1970లో గనులు నౌరూ వాళ్ల చేతికొచ్చాయి. ఆ పదేళ్లలో ఎగుమతులు దిగుమతులను ఎంతో మించాయి, తలసరి ఆదాయంలో నౌరూ సంపన్న దేశాల సరసన చేరింది. రేపటి కోసం ఒక ట్రస్టు పెట్టి, మెల్‌బోర్న్‌లో 52 అంతస్తుల నౌరూ హౌస్ కట్టారు. తీరా ఫాస్ఫేట్ అడుగంటే వేళకు అప్పులు మిగిలాయి. 2004లో ఆ భవనమూ పోయింది. దీవి నడిభాగమంతా ఇప్పుడు సున్నపురాతి మొనలు, విత్తు నాటడానికి మట్టి లేదు.

మారిషస్‌కు అప్పట్లో చక్కెర తప్ప అమ్ముకునేది దాదాపు ఏమీ లేదు. దాని భవిష్యత్తు మీద 1961లోనే ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ పెదవి విరిచాడు. రెడీమేడ్ దుస్తుల ఫ్యాక్టరీలు, పర్యాటకం, 1977 నుంచి ఉచిత హైస్కూలు చదువు దాన్ని నిలబెట్టాయి. అయినా సరుకుల వ్యాపారంలో దశాబ్దాలుగా లోటే. బియ్యం, చమురు బయటి నుంచే రావాలి. లోటులో ఉన్న ఈ దేశం బతుకుతోంది, మిగులు చూపిన ఆ దేశం కుంగిపోయింది.

మారిషస్‌ను పుణ్యభూమి అనను. కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన మన తెలుగు కూలీల చెమట ఆ చక్కెర లెక్కల్లో ఎక్కడా జమ పడలేదు. నన్ను కలవరపెట్టేది ఇదే: లెక్క రాసేవాడికి ఎదురుగా ఉన్న కొనుగోలుదారు కనిపిస్తాడు, పక్కన ఒళ్లు వంచినవాడూ ఇంకా పుట్టనివాడూ కనిపించరు.

మన పెద్దలు పితృఋణం అన్నారు. అది తండ్రులకు తిరిగిచ్చి తీర్చేది కాదు, సంతానం ద్వారా తీరేది. అంటే తీసుకున్నది వెనకటి తరాల దగ్గర, చెల్లించాల్సింది రాబోయే తరాలకు. ఆ లెక్కన 1970ల నాటి నౌరూ మిగులు, మనవల దగ్గర వాళ్లకు చెప్పకుండా తెచ్చిన అప్పు.

ట్రస్టు నిధి నిలిచి ఉంటే ఆ అప్పు తీరేదా? కొంత తీరేదేమో. కానీ పూర్తిగా తీరేదని నమ్మలేను. 1960లలో ఆస్ట్రేలియా, నౌరూ ప్రజలను తన తీరంలోని కర్టిస్ దీవికి తరలిస్తానంది. తమ జాతి అక్కడ జాతిగా మిగలదని వాళ్లు కాదన్నారు. నేలకు డబ్బు బదులు కాదని వాళ్లకు అప్పుడే తెలుసు.

1989లో నౌరూ అంతర్జాతీయ న్యాయస్థానానికెక్కింది. 1993లో ఆస్ట్రేలియా 10.7 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు రాజీపడింది. ఆ దావా స్వాతంత్ర్యానికి ముందు పరాయివాళ్లు తవ్విన నేల గురించి. ఆ తర్వాత సొంతవాళ్లే తవ్వి అమ్మిన నేల కోసం ఆ దీవి పిల్లలు ఎవరి మీద దావా వేయాలి?