ఎవరు బిగించారు?



ఒక పనిని గట్టిగా చేయుట, సరిగా చేయుట ఒకటేనా? ఒకటేనని చాలాకాలము అనుకొన్నాము. ఒక చిన్న బోల్టు మా అభిప్రాయమును మార్చింది.

సెలవులకు చెన్నై నుండి పుత్తూరు వైపు మా ఊరికి కారులో బయలుదేరాము. తిరువళ్ళూరు దాటగానే ఆయిలు కాలుచున్న వాసన వచ్చింది. బండి పక్కకు ఆపి బోనెట్టు ఎత్తితే, ఇంజను పైనున్న వాల్వు కవరు బోల్టు ఒకటి వదులై, ఆ సందులోనుండి ఆయిలు కారుచున్నది. కొద్దిరోజుల క్రిందటే ఒక షెడ్డులో ఆ కవరు విప్పించి యున్నాము. "వాళ్ళు సరిగా బిగించలేదు" అని అక్కడే తీర్పు చెప్పేశాము. డిక్కీలోని పానా తీసి, ఇక ఊడనే కూడదని బలమంతా పెట్టి తిప్పాము. పక్కనున్న రెండింటిని కూడా వదలలేదు. అంతలో మొదటి బోల్టు పట్టు తప్పి ఊరకే తిరగసాగింది.

మెల్లగా నడుపుకొనుచు, మధ్య మధ్య ఆపి చూచుకొనుచు తిరుత్తణి చేరాము. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రములో కలిసేవరకు ఆ ఊరు చిత్తూరు జిల్లాలోనిదే గదా. తెలుగు మాట్లాడే పెద్దాయన ఒకరు మెకానిక్కుగా దొరికారు. ఆయన బోల్టు బయటికి తీసి, మరలకు చుట్టుకొని వచ్చిన అల్యూమినియం తునకలు చూపి, "ఎవురు నాయనా దీన్ని బిగించింది?" అని అడిగారు.

ఒకరి ముఖము ఒకరము చూచుకొన్నాము. "షెడ్డువాళ్ళు" అనే మాట నాలుక చివరనే ఉన్నది. ఆ మాట అంటే కాదనేవారు అక్కడ ఎవరూ లేరు. అయినను మర తెంచింది మా చెయ్యే. "మేమే" అన్నాము.

"ఇదొకటేనా? మిగతావి గూడా తిప్పినారా?"

"పక్కవి రెండు" అని చెప్పాము. వాటిని విప్పి చూస్తే ఒకదాని మర సగము చెడియున్నది. మేము నోరు మూసుకొని యుంటే అది అట్లే లోపల ఉండిపోయేది.

ఇంజను చల్లారేవరకు ఆయన పని మొదలుపెట్టలేదు. తరువాత చెడిన మరలలో ఉక్కు చుట్ట దించారు. బోల్టులను తుడిచి, ముందు వ్రేళ్ళతోనే త్రిప్పి, నడుమ నుండి అంచులకు రెండు విడతలుగా టార్కు రెంచితో బిగించారు. ఆరు మిల్లీమీటర్ల అటువంటి బోల్టుకు సాధారణముగా 10 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూ చాలును. సరియైన అంకె ఆ బండి పుస్తకములో ఉండును. అనగా మీటరు పొడవు పిడి చివర ఒక కిలో బరువు వ్రేలాడదీసినంత మాత్రమే! బిగించినప్పుడు బోల్టు స్ప్రింగువలె రవ్వంత సాగి, ఆ సాగుడుతోనే పట్టి యుంచును. మితము దాటితే తానైనా తెగును, మరనైనా తెంచును.

మా తీర్పు కూడా తొందరపాటే. బిగించిన భాగములు అడ్డముగా కదులుచుంటే బోల్టు తనంతట తానే వెనుకకు తిరుగునని గెర్‌హార్డ్ యుంకర్ అను జర్మను ఇంజనీరు 1969లో ప్రయోగముతో చూపాడు. వేడికి గాస్కెట్టు అణగిపోయినను పట్టు తగ్గును. కాబట్టి వదులైన ప్రతి బోల్టు వెనుక ఒక దోషి ఉండవలెనని లేదు. తెగిన మర వెనుక మాత్రము ఆ రోజు మేమే ఉన్నాము.

మరి అంత బలము ఎందుకు పెట్టాము? బండిలోని వారి మీది ప్రేమతోననుకొన్నాము. నిజము వేరు. షెడ్డువారి మీది కోపము, మళ్ళీ ఆగిపోతామేమోనను భయము మా చేతిలో ఉన్నవి. శ్రద్ధ ఉన్నవాడు ముందుగా "ఎంత?" అని అడుగును. కోపము ఆ ప్రశ్న అడగదు. పిల్లలను మందలించునప్పుడును, తోటివాని తప్పు దిద్దునప్పుడును మనము ఇట్లే చేయుట లేదా? బలము చూపి, దానికి బాధ్యత అని పేరు పెట్టుకొనుచున్నాము.

కవరు క్రింద మనము ఏమి చేశామో ప్రయాణము చేసేవారికి కనబడదు. అందుకే కొలత తెలిసికొని బిగించుట వారికి మనము చెల్లించవలసిన బాకీ. కొలత తప్పితే, తరువాత ఆ పని పట్టుకొనేవానికి దాచకుండా చెప్పుటయు ఆ బాకీలోనిదే.